దేనికోసం?

పక్క సీటు డార్లీన్
కాఫీ కప్పు నా బల్ల మీద పెట్టి
తన కుర్చీలో కూలబడేలోపే
నా ఫోను ఒణికింది.
నాలుగు డాలర్ల ఇరవై సెంట్లు అడుగుతోంది.
కాఫీ ఇంకా పొగలు కక్కుతూనే ఉంది.

మొదటిసారి చెవులు వేడెక్కాయి.
టీ నీళ్ళకి లెక్క రాసేవాణ్ణి మా ఇంట్లో
"వాడి చేతికి ఎముక ఉంది" అనేవారు.
పంపాను. బొటనవేలెత్తి నవ్వి
వాళ్ళమ్మ మోకాలి ఆపరేషన్ సంగతి మొదలెట్టింది.
ఆమెకి బాకీ అంటే చొక్కా మీది దారప్పోగు,
కనబడగానే తీసి పారేసేది.
నాకేమో
అరవై రెండు డాలర్లు
మార్చి నుంచి గొంతులోనే ఉన్నాయి.

మృదులది పై అంతస్తు.
ఆ రాత్రి రెండింటికి తలుపు తట్టి
గుమ్మంలోనే కూర్చుండిపోయింది.
భర్త డెట్రాయిట్‌లో, ఫోను ఎత్తట్లేదు.
టాక్సీ పిలిచాను.
మొనాంగహేలా వంతెన మీద మంచు,
వెనక సీట్లో పరిచిన నా తువ్వాలు.
డ్రైవరు అద్దంలో ఓసారి చూసి
రేడియో కట్టేశాడు.
వెళ్ళేటప్పుడు ముగ్గురం.
తిరిగొచ్చేటప్పుడు ఇద్దరం.
పోనూ రానూ, సీటు కడిగించిన ఖర్చుతో సహా
అరవై రెండు.
"రేపు పంపుతా అక్కా" అంది లిఫ్టులో,
గోడతో అన్నట్టు.

ఆ రేపు రాలేదు. నేనూ అడగలేదు.
చేబదులంటే
రెండు చేతులూ ఒకసారి తాకాలి కదా,
ఇచ్చేటప్పుడూ, తీర్చేటప్పుడూ.

జూన్‌లో కారు ఇన్సూరెన్స్ మీదికొచ్చింది.
యాప్ తెరిచి, పేరు వెతికి, అంకె కొట్టాను.
కింద చిన్న పెట్టె: దేనికోసం?
నింపందే ముందుకు కదలదు.
అందరూ ఏం రాస్తారో అక్కడ కనబడుతూనే ఉంటుంది:
పిజ్జా బొమ్మ, బీరు గ్లాసుల బొమ్మ,
కరెంటు బిల్లు, నువ్వోడిన పందెం.
మృదులే నిన్న ఎవరికో పంపింది,
బిర్యానీ అని రాసి.
కోపమొచ్చింది ఒక్క క్షణం.
ఆ కోపాన్ని చూసి నాకే సిగ్గేసింది.

టాక్సీ అని రాశాను. కొట్టేశాను.
మార్చి అని రాశాను.
చీకటి గదిలో ఆమె ఫోను మీద
ఆ నెల వెలగడం ఊహించి, అదీ కొట్టేశాను.
కారు బొమ్మ పెడదామంటే
పిల్లలాడుకునేదానిలా ఉంది.
ఇన్ని బొమ్మలున్నచోట
మొహమాటానికి బొమ్మ లేదు.

పోస్టు పెట్టెల దగ్గర ఎదురుపడితే
ఆమె చెత్తబుట్టని చూసేది,
నేను తాళంచెవిని.
డబ్బివ్వాలనా తప్పుకుంటోంది,
నా మొహంలో ఆ రాత్రి కనిపిస్తోందా?

"రిక్వెస్ట్ నొక్కెయ్, నొప్పేం ఉండదు"
అంది డార్లీన్.
నొప్పి సంగతి ఆవిడకి చెప్పలేదు.

నవంబర్లో ఓ ఆదివారం
నేలమాళిగలో బట్టల మిషన్ తిరుగుతుంటే
ఫోను ఒణికింది.
మృదుల. అరవై మూడు డాలర్లు.
దేనికోసం అన్నచోట
ఒక్క చుక్క.
ముగ్గు పెట్టబోయి
ఎవరో పిలిస్తే లేచిపోయినట్టు.
దాని కింద అప్పుడే ఎవరో హృదయం నొక్కారు.
డార్లీన్. అన్నిటికీ నొక్కుతుంది.

ఆ పైన ఒక్క డాలరెందుకో తెలియదు.
వేలు జారిందా, లెక్క మరిచిందా,
చదివింపుల్లో నూటికి పదహారు చేర్చినట్టా?
తిరిగి పంపుదామంటే
మళ్ళీ ఆ పెట్టె నన్నడుగుతుంది.

గురువారం నాలుగు క్వార్టర్లు
కోటు జేబులో వేసుకుని
మెట్లెక్కుతున్నాను.
ఒక్కో మెట్టుకీ గలగలమంటున్నాయి.
వద్దన్నా.